ఎదురుగాలి దొంగలు

ఉయ్యూరు దగ్గర చెరకు బళ్ల వెనక బస్సు ఆగి అరగంటయింది. మిల్లు గేటు దాకా బండి వెనక బండి. ఎడ్లు తీరిగ్గా నెమరేస్తున్నాయి. డ్రైవరు దిగి బీడీ ముట్టించాడు. కిటికీ పక్కన ఇరుక్కున్న వెంకటప్పయ్య గారికి మాత్రం కాలు కదపడానికి చోటు లేదు. కాళ్ల మీద ఎవరిదో వలతాళ్ల మూట. పక్కన ఆ మూట తాలూకు మనిషి. గుండెల దాకా గడ్డం, కంటి కింద నుంచి దవడ దాకా కత్తిగాటు. ఆ గాటు చూసి కండక్టరు టికెట్టు అడగడానికి రెండుసార్లు ఆలోచించాడు.

"భయపడకండి బాబూ, ఇది జిగురు," అన్నాడా మనిషి చెంప తడుముకుంటూ. "మదరాసోళ్లు అంటించారు. కొబ్బరినూనెకి పోద్దన్నారు, పోలా. బెజవాడలో మందులకొట్టాయన కుట్లేయించుకోమన్నాడు."

"సినిమా వాళ్లా?"

"డాకుమెంటరీ అంటండి. బందరు రేవులో ఓడదొంగల కథ. నేనే పెద్దదొంగని. గంగరాజంటారు నన్ను."

వెంకటప్పయ్య గారు నిటారుగా కూర్చున్నారు, ఆ చోటులో కూర్చోగలిగినంత. ఆయనది పటమట. హైస్కూల్లో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఆ కథకు ఆధారాలు వెతికి రాసిచ్చింది ఆయనే. హాల్లో అసలు బొమ్మకు ముందు వేయడానికి ఢిల్లీ సర్కారు తీయిస్తున్న చిన్న రీలు అది. అందులో చారిత్రక సలహాదారుగా తన పేరు పడుతుందని వీధిలో ఇస్త్రీ బండి అతనికి కూడా చెప్పేశారు.

ఓడదొంగ అంటే ఒక కంటికి నల్లగుడ్డ, భుజాన చిలక. ఏ దేశం పుస్తకం తిరగేసినా ఇదే వరస. చాలామంది జీతాలందక ఓడలు వదిలి పారిపోయిన కళాసులే, పాపం. వాళ్ల గురించి రాసినవాళ్లో, ఒడ్డున నీడపట్టున కూర్చున్న గుమాస్తాలు. కిటికీలోంచి ఎంత కనిపిస్తే అంతే సముద్రం. ఆ రాతలు చదివి మళ్లీ రాసే మన మేష్టర్లకు ఆ కిటికీ కూడా లేదు. వెంకటప్పయ్య గారు పడవెక్కింది ఒక్క పుష్కరాలకే, అదీ కళ్లు మూసుకుని.

"ఆ కథ రాసింది నేనేనయ్యా," అన్నారు.

"మీరా మేష్టారండీ! అయితే ఒక్క మాట. పొద్దుటే తెరచాప ఎత్తుకుని సముద్రంలోంచి ఒడ్డుకి రమ్మంటన్నారు. పొద్దుట గాలి నేల మీంచి సముద్రంలోకి గదా తోలేది? ఆ గాలి మీదే మేం చేపల వేటకెళ్తాం. మద్దేనం గాలి తిరిగాక ఇళ్లకొస్తాం. మరి ఆ దొంగలెట్టా వొచ్చారండీ?"

"పడవ ఎదురుగాలికి నడవదా?"

"నడుద్దండి, అడ్డదిడ్డంగా కొట్టుకుంటా. డైరెట్టరు బాబుకేమో చాప నిండా పొంగాల. అందుకని లాంచీకి మోకు కట్టి లాగిత్తన్నారు. పడవ ఒడ్డుకొచ్చుద్ది, చాప సముద్రంలోకి ఉబ్బుద్ది! బందరు హాల్లో మావోళ్లు చూశారంటే నా బతుకేం కావాల? ఇరవై ఏళ్లుగా పడవ నడిపే సరంగునండి. ఒక్కనాడూ గాలి తప్పు చెప్పలా."

వెంకటప్పయ్య గారు నమ్ముకున్నది ఆ రోజుల్లో బందరు కోటలో ఉన్న గుమాస్తా ఉత్తరం ఒక్కటే. తెల్లవారగానే దొంగల ఓడ కనబడింది అని అందులో ఉంది. దాన్ని ఆయన తెల్లవారుజాము దాడిగా మార్చేశారు. కింద ఇంకో వాక్యం ఉంది: మధ్యాహ్నం లోపల ఆడవాళ్లనూ పిల్లలనూ ఊరు దాటించాం అని. పొద్దున్నే దొంగలు మీద పడితే మధ్యాహ్నం దాకా తీరిక ఎక్కడిదని, గుమాస్తా గొప్పలు పోయాడనుకుని ఆ వాక్యం కొట్టేశారు. ఆ సంగతి గంగరాజుకు చెప్పారు.

గంగరాజు తల అడ్డంగా ఊపాడు. "గొప్పలు కాదండీ అయి. పొద్దుటే కనబడ్డారు. గాలి తిరిగేదాకా లంగరేసుకు కూకున్నారు. ఒడ్డునున్నోళ్లకీ తెలుసు, గాలి తిరిగితే వొస్తారని. కదల్లేని ముసిలోళ్లు, కాపలా ఉన్నోళ్లు పూటంతా ఆళ్లకేసి చూస్తా కూకునుంటారు."

బళ్లు కదిలాయి. బందరు చేరేదాకా వెంకటప్పయ్య గారి కళ్ల ముందు ఆ పూటే ఉంది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినా అలాంటి పూట ఒక్కటి కనబడలేదు.

మర్నాడు పొద్దున రేవులో డైరెక్టరు వెంకటకృష్ణారావు ఆయన మాట సాంతం వినలేదు.

"తెల్లవారుజాము అని రాసింది మీరే కదండీ?"

"రాశాను. తప్పు రాశాను."

"మధ్యాహ్నం లైటు చచ్చిపోతుంది సార్. గాలి ఎటు తోలుతోందో ఢిల్లీలో ఎవడు చూస్తాడు?"

"ఢిల్లీలో చూడరు బాబూ, బందర్లో చూస్తారు," అన్నాడు పడవలోంచి గంగరాజు. దొంగలంతా గొల్లుమన్నారు.

డైరెక్టరు నవ్వలేదు. ఫైలు తెరిచి ఒక కాగితం తీశాడు. దృశ్యాలన్నీ చరిత్రకు అనుగుణంగా ఉన్నాయని టైపు చేసి ఉంది. "సంతకం పెట్టండి. లేదా తప్పని రాసివ్వండి, ఇప్పుడే పేకప్. ఈ ముప్పై మందికీ పని పోతుంది. టైటిల్స్‌లో మీ పేరూ ఉండదు. మీ ఇష్టం."

వెంకటప్పయ్య గారు పడవల వైపు చూశారు. "పాపం, వీళ్ల పని..." అన్నారు.

గంగరాజు మోకాలి లోతు నీళ్లలోకి దిగి దగ్గరకొచ్చాడు. "మా పనికేం మేష్టారండీ, వేట ఉంది. మీరు నిన్న చెప్పిన ఆ రెండో ముక్క, ఆడోళ్లనీ పిల్లల్నీ దాటించింది, చెప్పండి, చాలు. డైరెట్టరు బాబే మద్దేనం దాకా ఆగుతారు."

ఇక అడ్డు పెట్టుకోవడానికి వేరే ఎవరూ లేరు. మిగిలింది తన పేరు ఒక్కటే. వెనక కెమెరా బళ్లు, ముందు నీళ్లు, కాళ్ల కింద తడి ఇసక మెల్లగా దిగుతోంది. డైరెక్టరు పెన్ను మూత తీసి అందించాడు. వెంకటప్పయ్య గారు అందుకుని టైపు చేసిన వాక్యం కింద ఆనించారు.

చదువు రాని గంగరాజు ఆ పెన్ను కదిలినంతసేపూ చూశాడు, ఆగాక కూడా చూశాడు. చెక్కకత్తి ఇసకలో పెట్టాడు. లాంచీ ఇంజను మొదలైంది, మోకు బిగిసింది. సరంగు లేని పడవ కదిలింది, చాప వెనక్కి ఉబ్బింది.

"ఏయ్, ఎక్కడికి? షాటుంది!" డైరెక్టరు అరిచాడు.

"గంగరాజూ!" అన్నారు వెంకటప్పయ్య గారు.

గంగరాజు ఆరేసిన వలల మధ్య నుంచి, దొంగవేషంతోనే, తన పాలెం దారి పట్టాడు.