సావిత్రి అమావాస్య నాడు పొలసర బస్సులో

"ఈ ఏడు అప్పని ఇక్కడికే తీసుకొచ్చీ బావా" అని నా బావమరిది కామేశు పొలసర నుంచి ఫోన్ చేశాడు. ప్రతి ఏడూ సావిత్రి అమావాస్యకు అక్కకి చీర, గాజులు, పళ్ళు అతను బరంపురంలో మా ఇంటికే పంపిస్తాడు. ఈసారి మనిషినే రమ్మన్నాడు. ఈ ఏడే ఎందుకని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. ఇద్దరికీ తెలిసిన సంగతే.

మేం ఉండేది బరంపురంలోనే, లంజిపల్లి పేటలో. నా భార్య సుజాతకు రక్త క్యాన్సర్ అని తేలి ఆరేళ్ళు దాటింది. ఉన్నపళంగా ప్రాణం తీసే రకం కాదు, అలాగని వదిలిపోయే రకమూ కాదు. రోజూ మధ్యాహ్నం కడుపునిండా అన్నం తిని, ఒక మాత్ర వేసుకుని, పెద్ద గ్లాసుడు నీళ్ళు తాగాలి. కడుపు నిండకపోతే ఆ మాత్ర లోపల నిలవదు. దాని వల్ల ఆవిడ కళ్ళ కింద ఎప్పుడూ ఉబ్బు ఉంటుంది. రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తాయి. "అమ్మా" అని వినబడగానే లేచి పిక్క రాయడం నా రెండో ఉద్యోగం. మొదటిది కరెంటు ఆఫీసులో, దానికి సెలవులైనా ఉంటాయి. పోయినసారి రక్తపరీక్షలో తగ్గాల్సిన అంకె పెరిగింది. మూడు నెలలు ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకోవాలనీ, అప్పటికీ తగ్గకపోతే ఈ మాత్ర ఇంక పని చేయడం లేదనుకోవాలనీ డాక్టరు చెప్పారు. ఆ మూడు నెలల్లోనే అమావాస్య వచ్చిపడింది.

ఆంధ్రాలో ఉన్న మా చుట్టాలకు ఈ నోము తెలియదు. ఇది ఒడియా ఆడవాళ్ళది. తరాలుగా ఈ గంజాం జిల్లాలో ఉండిపోయిన మా తెలుగిళ్ళలోకీ వచ్చేసింది. మన పంచాంగంలో వైశాఖ బహుళ అమావాస్య నాడు, మొగుడి ఆయుష్షు కోసం పెళ్ళాం రోజంతా పళ్ళూ నానబెట్టిన పెసరపప్పూ తప్ప ఉడికింది ఏదీ ముట్టదు. పెళ్ళాం ఆయుష్షు కోసం మొగుడు పస్తుండే నోము ఏ పంచాంగంలోనూ లేదు. నేను వెతికాను.

"ఈ ఒక్క ఏడూ మానెయ్. మాత్రకి అన్నం కావాలి కదా" అన్నాను ముందు రోజు.

"పెళ్ళయిన కాడి నుండీ పడతన్న నోము. మద్దిలో ఒగ్గీమంటే ఎలాగ? పళ్ళు కడుపునిండా తింటాను, మాత్ర ఏసుకుంటాను."

"జబ్బు నీకు. ఉపవాసం నాకోసమా? నాకేమైందిప్పుడు?"

"అవకుండానే" అని బ్యాగులో చీర మడత పెట్టుకుంది. పుణ్యస్త్రీగా నాకంటే ముందే వెళ్ళిపోవాలని ఆవిడ కోరిక, దానికే ఈ పట్టుదల అనుకున్నాను. ఒళ్ళు మండింది. ఆ కోపంలోనే, రేపు ఆవిడ అన్నం తినే దాకా నేనూ తినకూడదని తీర్మానం చేసుకున్నాను.

బరంపురం నుంచి పొలసరకు ప్రైవేటు బస్సులు తెల్లవారుతూనే మొదలవుతాయి. హింజిలికాటు, కవిసూర్యనగర్ మీదుగా వెళ్తాయి, రెండున్నర గంటల పైచిలుకు పడుతుంది. టికెట్ పెద్ద భారమేం కాదు, బస్టాండు దాకా ఆటోవాడు అడిగేదే దండగ. సావిత్రి నాడు వెళ్ళాలనుకుంటే మాత్రం మొదటి బస్సే పట్టుకోవాలి, ఎండ ఒకటి, రద్దీ ఒకటి. మేం ఎక్కేసరికే బస్సు నిండా కొత్త గాజుల చప్పుడు, మామిడిపళ్ళ వాసన. సుజాత ముఖం చూసి కండక్టరు ఒక కుర్రాణ్ణి లేపాడు.

"ఇక్కడ కూకో మావుసీ. ఉపాసమా?"

"అవును బాబూ."

"మా ఇంట్లో దానికీ ఉపాసమే. నాకు పొద్దున్న టీ కూడా పెట్టనేదు" అని నవ్వాడు. సుజాత కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

రుషికుల్య వంతెన మీద బస్సు నెమ్మదించింది. కింద నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ. సుజాత కిటికీ చువ్వకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. వెలుతురులో ఆవిడ చెంపల మీద రంగు పోయిన మచ్చలు స్పష్టంగా కనబడ్డాయి. పోయిన ఏడు ఇన్ని లేవు.

కామేశు బస్టాండుకి మోటారు సైకిల్ తెచ్చాడు. అక్కని చూడగానే ఏదో అనబోయి, "ఎండ ఎక్కువుంది అప్పా" అని ఊరుకున్నాడు. ఇంట్లో పూజకి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఇక్కడ దేవి విగ్రహం ఉండదు. సన్నికల్లు పొత్రాన్ని కడిగి, పసుపు రాసి, కొత్త గుడ్డ చుట్టి దేవిగా నిలబెడతారు. దాని ముందు మామిడి, పనస, అరటి, తాటిముంజెలు. పూజారి ఒడియాలో కథ చదువుతుంటే సుజాత, ఆవిడ మరదలైన కామేశు భార్య, పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళు చేతులు జోడించి కూర్చున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఆవిడ వీపునే చూశాను. జాకెట్టు వదులైపోయింది.

పూజయ్యాక పెళ్ళాలు మొగుళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టాలి. సుజాత వంగి నా పాదాలు ముట్టుకుంది, అంతే, లేవలేకపోయింది. పిక్క పట్టేసింది. పళ్ళు బిగబట్టి నా పాదాన్నే గట్టిగా పట్టుకుంది. నేను అందరిముందూ నేల మీద కూలబడి ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని రాశాను. పక్కింటి వాళ్ళలో ఒకావిడ తల తిప్పుకుంది. మొగుడు పెళ్ళాం కాళ్ళు పట్టుకోవడం ఆ రోజు చూడకూడదేమో.

భోజనం వేళ కామేశు నాకు విస్తరి వేశాడు. "బావా, నువ్వైనా తిను. ఉపాసం ఆడోళ్ళకి."

"నాకు ఆకలి లేదు."

సుజాత అటు నుంచి నన్ను ఒక్క చూపు చూసింది. మరదలు బతిమాలి బతిమాలి పెట్టిన పళ్ళన్నీ తింది. మామిడిపండు రెండోది తినేటప్పుడు ఆవిడకి ఇష్టం లేదని నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత మాత్ర వేసుకుని, నీళ్ళు తాగి, నా వైపు ఖాళీ గ్లాసు తిప్పి చూపించింది. గెలిచినట్టు. నేనూ కాసేపు అలాగే నమ్మాను.

తిరుగు బస్సు ఎండ తగ్గకముందే ఎక్కడం మా తప్పు. కవిసూర్యనగర్ చేరకముందే సుజాత నా చెయ్యి పట్టుకుంది. నేను కండక్టరుని కేకేసే లోపే కిటికీలోంచి వాంతి. బస్సు ఆగింది, దించాను, రోడ్డు పక్కన మళ్ళీ. పసుపచ్చటి పళ్ళ పిప్పిలో సగం కరిగిన మాత్ర నాకు కనబడింది. కనబడకపోయి ఉంటే బాగుండును. ఆసుపత్రి నర్సుకి అక్కణ్ణుంచే ఫోన్ చేశాను.

"మాత్ర బయటికొచ్చీసిందా? అయితే మళ్ళీ ఏయకండి. రేపటిది రేపే. ఒక్క రోజుకి ఏటీ అయిపోదు గానీ, ఇంక ఇలాగ సేయనియ్యకండి" అందామె.

బస్సెక్కాక నేను పట్టలేకపోయాను. చుట్టూ జనం ఉన్నారని కూడా చూసుకోలేదు. "చాలా? ఎవరికోసం ఇదంతా? పుణ్యస్త్రీ అనిపించుకుని పోవాలనా? పో. నన్ను ఒంటరివాణ్ణి చేసి పో. అదేగా నీ నోము."

సుజాత నీళ్ళు పుక్కిలించి ఉమ్మింది. కొంగుతో మూతి తుడుచుకుంది. గొంతు పెంచలేదు.

"అది మాయమ్మ కోరుకునీది. నాను కోరుకోనేదు. మీరు ముందల ఎల్లిపోతే నా గతి ఏటి? రాత్రి పిక్క పడితే ఎవురు లెగుస్తారు? ఆ మాత్ర ఎక్కడ దొరుకుతాదో, ఏ గది కాడ రక్తం ఇయ్యాలో, డాక్టరుతోటి ఏటి మాటాడాలో నాకు తెల్దు, నా తమ్ముడికీ తెల్దు. మీకే తెల్సు. ఆరేళ్ళలో మీరు సగమైపోనారు. నిన్న మెట్ల కాడ కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నారు, నాను సూడనేదనుకున్నారా? పొద్దున్న నుండీ మీరు మెతుకు ముట్టనేదు. నాను మీ కోసం ఉపాసం ఉండనేదు. నా కోసమే ఉన్నాను. బయమేసి ఉన్నాను."

ఇన్నేళ్ళూ ఆవిడ త్యాగం చేస్తోందనుకుని కోప్పడ్డాను. ఆవిడ చేసింది త్యాగం కాదు. మునిగేవాళ్ళు దేన్నో ఒకదాన్ని పట్టుకుంటారు, ఆవిడ నన్ను పట్టుకుంది. నేనేమో ఆ రోజు పస్తుండి, ఆవిడ భయాన్ని రెట్టింపు చేశాను.

హింజిలికాటులో బస్సు టీకి ఆగింది. "దిగండి. ఏటైనా తినండి" అంది. దిగి గారెల్లాంటి వేడి బొరాలు, బఠాణీ కూర తీసుకున్నాను. ఒక బొరా కొరికాను. తలెత్తితే కిటికీలోంచి ఆవిడ చూస్తోంది. ప్లేటు ఖాళీ అయ్యేదాకా ముఖం తిప్పుకోలేదు. నేను ఏడుస్తూ తిన్నాను, కారం అనుకున్నాడేమో, బండివాడు అడక్కుండానే నీళ్ళిచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ అన్నం తిని మాత్ర వేసుకుంది. ఆ తర్వాత ఇంతవరకు ఒక్క పూట కూడా తప్పలేదు. పరీక్ష ఇంకా జరగలేదు. అంకె తగ్గుతుందన్న నమ్మకం నాకు పెద్దగా లేదు, ఉందని రాస్తే అబద్ధమవుతుంది. కళ్ళు తిరుగుతున్నాయని నేనూ ఒక డాక్టరుకి చూపించుకున్నాను. ఆయన ఇచ్చిన బీపీ మాత్ర నా చేతిలో పెట్టి, నోరు తెరిచి చూపించమంటుంది సుజాత. ఇన్నాళ్ళూ ఆవిడ ఎన్నాళ్ళుంటుందోనని రాత్రిళ్ళు మేలుకున్నాను. పక్కనే ఆవిడ కూడా మేలుకుని నా ఊపిరి వింటోందని నాకు తెలియదు.

జబ్బు మనిషిని తీసుకుని ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒకటే చెబుతాను. బస్సెక్కే ముందు మీరు కడుపునిండా తినండి, వాళ్ళకు కనబడేలా తినండి.