విప్పని పార్సిళ్లు

నూకరాజుకి ఒక రోగం ఉండేది. కట్టి ఉన్న మూట ఏది కనబడినా లోపల ఏముందో తెలుసుకోవాలి. ఆ రోగంతోనే బిలాస్‌పూర్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో ముప్పై ఆరేళ్లు ఉద్యోగం చేశాడు, ఒక్క మూటనైనా విప్పకుండా. తీపి పిచ్చి ఉన్నవాణ్ణి మిఠాయి కొట్టుకి కాపలా పెట్టినట్టే అనుకోండి. బుట్టని చేత్తో తడిమి, వాసన చూసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "ఇవి అరటి పిలకలు", "ఇవి డాక్టరు చదువు పుస్తకాలు" అని చెప్పేవాడు. పది చెబితే ఎనిమిది నిజమయ్యేవి. మిగతా రెండింటి కోసం, సరుకు తాలూకు పార్టీ వచ్చి విప్పేదాకా అక్కడే నిలబడేవాడు. టీ చల్లారిపోయినా పట్టించుకునేవాడు కాదు.

తను మాత్రం విప్పేవాడు కాదు. బుక్ చేసిన సరుకు రసీదు మీద ఎవరి పేరుంటే వాళ్లది. వాళ్లు రాకపోతే పేరూ తేదీ రాసి ఓ మూల భద్రంగా పెట్టాలి. దాని తాడు మీద చెయ్యి వెయ్యడం దొంగతనమే. నూకరాజు తండ్రి విజయనగరం వైపు నుంచి వచ్చి ఇదే స్టేషన్‌లో హమాలీగా చేరినవాడు. కొడుక్కి ఆస్తి ఇవ్వలేకపోయాడుగానీ ఈ ఒక్క నియమాన్ని మాత్రం అన్నంలో కలిపి తినిపించాడు.

2008లో నూకరాజు రిటైరయ్యాడు. ఊళ్లోనే లింగియాడీహ్‌లో రెండు గదులు కట్టుకుని కాలు మీద కాలేసుకు కూర్చున్నాడు. భార్య అప్పలనర్సమ్మ నెల్లాళ్లు ఓపిక పట్టింది. ఆయన వంటింట్లో డబ్బాలు ఒక్కొక్కటీ ఊపి చూసి "ఇందులో ఏటున్నాదే" అని అడగడం మొదలెట్టాక ఇక ఆవిడ వల్ల కాలేదు. ఎవరెవరికో చెప్పి రవిచంద్ర దగ్గర పని చూసిపెట్టింది.

రవిచంద్ర బొగ్గు కంపెనీ ఆఫీసరు కొడుకు. ముప్పై ఏళ్లు నిండలేదు. వ్యాపార్ విహార్‌లో లారీ ఆఫీసుల వెనక ఒక గోడౌను అద్దెకు తీసుకుని, చాంపా నేతగాళ్ల దగ్గర కోసా పట్టు చీరలు కొని ఇంటర్నెట్‌లో అమ్మేవాడు. ఏ హుబ్లీలోనో పూణేలోనో ఒకావిడ కంప్యూటర్లో బొమ్మ చూసి ఫలానా చీర కావాలంటుంది. ఇక్కడ ర్యాకులోంచి అది తీసి, పెట్టెలో పెట్టి, కొరియర్ వాడి చేతికివ్వాలి. గేటు దగ్గర సరుకు దించుకోవడం, ఎక్కించడం, సంతకాలు పెట్టడం నూకరాజు పని. లోపలి గదిలో ర్యాకులు, కంప్యూటరు తనూజ చూసుకునేది.

తనూజ రైల్వే షెడ్లో ఫిట్టరుగా చేసే పైడిరాజు కూతురు. రైల్వే క్వార్టర్లో పుట్టి పెరిగింది, హిందీ మీడియంలో బీకాం చదివింది. తెలుగు గలగలా మాట్లాడుతుందిగానీ చదవమంటే ఒక్కో అక్షరం దగ్గరా ఆగిపోతుంది. నూకరాజుకి గోడౌనులో చేరిన వారానికే కొత్త మూట దొరికింది. అది ఆ పిల్ల కంప్యూటరు.

"ఇందులో చీరలున్నాయంటావేటమ్మా?" అని అడిగాడు.

"చీరలు కాదు అంకుల్, లెక్క. ర్యాకులో ఎన్ని ఉంటే ఇక్కడ అన్ని చూపిస్తుంది."

"ర్యాకులో ఉన్నాయో లేదో దానికెలా తెలుస్తాది?"

"మనం చెప్తే తెలుస్తుంది."

"అబద్ధం సెప్తే?"

"అబద్ధమే చూపిస్తుంది. ఔర్ క్యా, ఇంకేం చూపిస్తుంది?"

నూకరాజు చాలాసేపు ఆ పెట్టెకేసి చూస్తూ కూర్చున్నాడు. తాళం తీసే పని లేకుండా లోపల ఏముందో చెప్పేసే పెట్టె ఒకటుంటుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

మరుసటి ఏడు ఆగస్టులో, ఆడవాళ్లు కొత్త చీరలు కట్టే తీజ్ పండగ ముందు గొడవ మొదలైంది. నీలం చీరలు ఆరు ఉన్నాయని కంప్యూటరు అంటుంది. ర్యాకులో చూస్తే ఒక్కటీ లేదు. ఆర్డరు ఇచ్చినావిడకి లేదని చెప్పాల్సి వచ్చింది. వారంలో ఇలా నాలుగుసార్లయ్యాక రవిచంద్ర ఒక ఆదివారం కూర్చుని మొత్తం ఎంచాడు. నలభై ఒక్క చీర తక్కువ.

ర్యాకులు చూసేది తనూజ. అనుమానం అటే పోయింది. గేటు తాళం నూకరాజు దగ్గరుందని ఎవరికీ గుర్తు రాలేదు. ఆయన పెద్దాయన, పైగా రైల్వే మనిషి. రవిచంద్ర నోటితో దొంగ అనలేదు, మర్యాదస్తుడు కదా. రోజూ సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు తనూజ బ్యాగు విప్పి చూపించమనేవాడు, అంతే. ఆరో రోజున, సోమవారం, షెడ్డుకి వెళ్లి పైడిరాజుకి చెప్పాడు. శనివారం లోపు చీరల సంగతి తేలకపోతే ఇక మీ అమ్మాయిని పంపకండి అన్నాడు.

సిగ్గు విడిచి చెప్పాలంటే, నూకరాజుకి ఆ రోజులంత హుషారైన రోజులు రిటైరయ్యాక మళ్లీ రాలేదు. ఊరంతటికీ తెలియని మూట ఒకటి ఆయన ఒళ్లో పడింది. ఎలకలేమో అని మూలమూలలా టార్చి వేసి చూశాడు. పైకప్పు రేకులు తట్టాడు. నేతగాళ్లు తక్కువ పంపుతున్నారేమోనని చాంపా నుంచి వచ్చిన కట్టలు మూడుసార్లు తూచాడు. హమాలీలు టిఫిను తింటుంటే వెనక నిలబడి వాళ్ల మాటలు విన్నాడు. ఏమీ తేలలేదు.

గురువారం పొద్దున్న తనూజ కళ్లు ఉబ్బి ఉన్నాయి. అప్పుడుగానీ నూకరాజుకి ఇది ఆట కాదని తోచలేదు.

"ఏటైనాది తల్లీ?"

"నాన్న మూడు రోజుల్నుంచి నాతో మాట్లాడట్లేదు అంకుల్. నేను తియ్యలేదని చెప్తే మొహం తిప్పుకుంటున్నారు."

నూకరాజు స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. "తక్కువైన వాటిల్లో ఒక్క చీర పట్టుకో. పుట్టిన కాణ్నుంచి దాని కథ సెప్పు."

తనూజ ఒక నంబరు కొట్టింది. "ఇది ఏప్రిల్‌లో చాంపా నుంచి వచ్చింది. మే రెండున హుబ్లీ వెళ్లింది. ఆవిడ ఇంటికి తాళం ఉందట. మే పదహారున కొరియర్ వాడు వాపస్ తెచ్చాడు. వాళ్లు పంపిన లిస్టు చూసి నేను స్టాకులో ఒకటి కలిపాను."

"అదెలాగ కలుపుతావు? అది ఆ హుబ్లీ ఆవిడది కదా."

"వాపస్ వచ్చిందంటే మళ్లీ మనదే అంకుల్. ఆర్డరు క్యాన్సిల్. విప్పి, చూసి, ర్యాకులో పెట్టేసి ఇంకొకరికి అమ్ముకోవడమే."

"ఆ పెట్టేది ఎవరు?"

"రవి సర్ పెడతారు కదా," అని ర్యాకుల వైపు తిరిగి చూసింది. "పెడతారనే అనుకున్నాను."

రవిచంద్ర ఆ పని తనూజ చేస్తుందనుకున్నాడు. కొరియర్ వాడు పొద్దున్నే, వీళ్లిద్దరూ రాకముందే వస్తాడు. తెచ్చిన పార్సిలు సంతకం పెట్టి తీసుకునేది నూకరాజు.

ఆయన లేచి గేటు పక్కనున్న తన చిన్న గదిలోకి వెళ్లాడు. గోడ వారగా, చెమ్మ తగలకుండా కింద చెక్కలు వేసి, పార్సిళ్లు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కోదాని మీద ఆయన చేత్తో రాసిన పేరూ ఊరూ తేదీ. రోజూ దుమ్ము దులిపేవాడు. చీర కోసం మూడు నెలలైనా మనిషిని పంపని ఆ హుబ్లీ ఆవిడ మీద విసుక్కునేవాడు కూడా. ఎలక కన్నాల కోసం మొన్న వీటినే అటూ ఇటూ జరిపి వెనక వెతికాడు. అప్పుడైనా తట్టలేదు. ఆయన లెక్కలో అవి గోడౌను సరుకు కాదు, పార్టీల సరుకు.

ఎంచాడు. నలభై ఒకటి.

ఆ మధ్యాహ్నమంతా ఆయన బుద్ధి ఒక్కచోట నిలవలేదు. తనూజ భోజనానికి వెళ్లినప్పుడు చల్లగా విప్పి ర్యాకుల్లో సర్దేస్తే చీరలు దొరికినట్టే. తన పేరు బయటికి రాదు. ఇంతకాలం మచ్చ లేకుండా బతికి, ఇప్పుడు ఈ వయసులో ఒక కుర్రాడి ముందు తలొంచుకోవాలా అనుకున్నాడు. ఒకటి తీసి తాడు మీద చెయ్యి వేశాడు కూడా. కానీ చీరలు వాటంతటవి ర్యాకుల్లోకి వస్తే జనం ఏమంటారు? పిల్ల భయపడి తెచ్చి పెట్టేసిందంటారు. అప్పుడు ఆ మాట దాన్ని పెళ్లయ్యేదాకా, పెళ్లయ్యాక కూడా వదలదు. నూకరాజు పార్సిలు మళ్లీ వరసలో పెట్టేశాడు. ఆ రాత్రి అప్పలనర్సమ్మ వడ్డించిన అన్నం ముట్టలేదు.

శుక్రవారం రవిచంద్ర రాగానే తనూజని కూడా పిలిచి ఆ గది చూపించాడు.

"నానే బాబూ. పార్టీలొచ్చి పట్టికెల్తారని ఉంచినాను. ఈ గుంట తనూజకేటీ తెలీదు."

రవిచంద్ర ఆ వరసలన్నీ చూసి, పెద్దగా నవ్వాడు. "అరే అంకుల్, గలతీ హో జాతీ హై, పొరపాటు ఎవరికైనా అవుతుంది. మీరు కూర్చోండి ముందు." కుర్చీ వేయించాడు. టీ తెప్పించాడు. "తనూజా, సోమవారం నుంచి మామూలుగా వచ్చెయ్."

నూకరాజు మొదటి పార్సిలు తీసి తాడు తెంపాడు. జీవితంలో మొదటిసారి ఒకరి పేరున్న మూటని తన చేత్తో విప్పుతున్నాడు. లోపల ఏముందో చూడాలని ఆయనకి ఏమాత్రం అనిపించలేదు. నీలం చీర బయటికొచ్చింది. దాన్ని తనూజ చేతికిచ్చాడు.

తనూజ అందుకుని బల్ల మీద పెట్టింది. "అంకుల్ తప్పు చేస్తే కుర్చీ వేశారు సర్. నేనేమీ చెయ్యకపోతే తొమ్మిది రోజులు నా బ్యాగు చూశారు. నాన్నకి మీరే కదా చెప్పారు. ఇది కూడా మీరే వచ్చి చెప్పండి."

రవిచంద్ర నవ్వు ఆగిపోయింది. సాయంత్రం అతనూ నూకరాజూ ఆటోలో రైల్వే క్వార్టరుకి వెళ్లారు. పైడిరాజు అప్పుడే డ్యూటీ దిగి, చేతులకంటిన గ్రీజు కడుక్కుంటున్నాడు. నూకరాజు గుమ్మం దాటకుండానే జరిగినదంతా చెప్పాడు. తన పొరపాటని రెండుసార్లు అన్నాడు. క్షమించమని రవిచంద్ర అన్నాడు.

పైడిరాజు చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు. పెద్ద బరువు దిగినట్టు మొహం తేలికపడింది.

"లోపలికి రండి. నూకరాజుగారంతటి మనిసి సెప్పినాక ఇంకేటున్నాది? నాను నమ్మినాను."

అప్పటికే ఇంటికి చేరిన తనూజ గుమ్మం పక్కనే నిలబడి ఉంది.

"నేనూ అదే చెప్పాను కదా నాన్నా," అంది.

లోపలికి రాబోయిన ఇద్దరూ గుమ్మంలోనే ఆగిపోయారు. పైడిరాజు తువ్వాలుతో ఆరిపోయిన చేతుల్నే మళ్లీ తుడుచుకోసాగాడు.