నాయన మాస్కు తీయకుండా

వ్యాసర్పాడిలో గోనెసంచుల గోడౌను అంటుకున్నప్పుడు, అక్కడ మూటలు మోసే మా నాయన వాచ్‌మ్యాన్‌ను కాపాడడానికి పొగలోకి పోయాడు. వాచ్‌మ్యాన్ ఎదురుగా టీకొట్లో ఉన్నాడు. నాయన లోపల నాలుగైదు నిమిషాలు వెతికాడు. చివరికి ఆ వాచ్‌మ్యానే వచ్చి నాయన్ని బయటికి లాక్కొచ్చాడు.

ఒంటిమీద ఒక్క బొబ్బ లేదు, ముక్కులో మసి తప్ప. ఆసుపత్రిలో ఆక్సిజన్ మాస్కు పెట్టారు. వేలికి తగిలించిన క్లిప్పు తొంభై తొమ్మిది చూపించింది. మా ఇంట్లో ఎవరికీ దేంట్లోనూ అన్ని మార్కులు రాలేదు, ఇంటికి తీసుకుపోతామన్నాను. డాక్టరమ్మ నవ్వలేదు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట పొగలోని విషవాయువు కూర్చున్నా ఆ క్లిప్పుకు తేడా తెలియదట. సాయంత్రం మళ్లీ రక్తం తీసి చూసేదాకా మాస్కు తీయకూడదు. గొంతు బొంగురుపోతే వెంటనే పిలవాలి. లోపల వాచిందంటే ఊపిరికి గొంతులోకి గొట్టం వేయాల్సి వస్తుంది.

నాలుగింటికి చుట్టాలను లోపలికి వదిలారు. మావాళ్ల లెక్కలో రోగిని చూడ్డమంటే జరిగిందంతా రోగి నోటితోనే వినడం. అత్త ఏమైందని అడగ్గానే మాస్కు గడ్డం కిందికి దిగింది. పెదనాయన వచ్చాడు, మళ్లీ దిగింది, కథ మళ్లీ మొదటినుంచి. నేను చెప్తానని అడ్డం పడ్డాను.

"వాచ్‌మ్యాన్ ఆడ టీ తాగతా ఉండినాడు, ఈయన ఈడ ఎతకతా ఉండినాడు. అంతే పెదనాయనా."

మాస్కు మళ్లీ దిగింది. "నేను పోయేటప్పుడు వాడు టీకొట్లో లేడురా," అన్నాడు నాయన. గొంతు సగమే వచ్చింది.

పరిగెత్తి డాక్టరమ్మను పిలుచుకొచ్చాను. వాపు మొదలైందని మాస్కులోంచే ఆవిరి మందు పెట్టించింది. ఇంకా పెరిగితే గొట్టమేనని నాకేసి చూసి చెప్పింది.

తర్వాత మేనమామ వచ్చి ఏమైందన్నాడు. నాయన చేయి అప్పటికే మాస్కు ఎలాస్టిక్ మీద ఉంది. నేను మంటల్ని తాటిచెట్టంత ఎత్తు లేపాను. తడి గోనెసంచి నాయన తలమీద కప్పాను. కప్పు మీదనుంచి రెండు రేకులు కూడా రాల్చాను.

"లోపల మనిషుండాడేమోనని పోయినాడు మామా. అప్పటికి ఇంకెవురూ పోలా."

ఈ ఆఖరి మాటలో నేను కలిపిందేమీ లేదు. నాయన చేసిందేంటో అది చెప్తున్నప్పుడే నాకూ తెలిసింది.

నాయన చేయి ఎలాస్టిక్‌ను వదిలి పైకి లేచింది. మంటలు ఇంకొంచెం పెంచమని సైగ. పెంచాను. ఆ తర్వాత ఇంకో ముగ్గురొచ్చారు. ఐదింటికి అందర్నీ బయటికి పంపేసరికి మంటలు పక్క వీధి దాకా పోయాయి. మాస్కు కదల్లేదు, గొట్టం అవసరం పడలేదు.