గోడకి మేకు కొట్టనివ్వని వడ్రంగి

బడి కట్టిన ఏడాదే చేరిన ఆ వడ్రంగి ముప్ఫై ఆరేళ్ళ ఉద్యోగంలో ఒక్క మేకు కూడా కొట్టలేదు. నమ్మబుద్ధి కావడం లేదా? సరే, సగం వెనక్కి తీసుకుందాం. బల్లలకి కొట్టాడు, కుర్చీలకి కొట్టాడు, ఒకసారి పరధ్యానంలో సొంత బొటనవేలి మీదా కొట్టుకున్నాడు. గోడకి మాత్రం తను కొట్టలేదు, ఇంకొకరిని కొట్టనివ్వలేదు.

గోడకి తగిలించాల్సిన ప్రతి వస్తువుకీ ఆయన కాళ్ళు చేసేవాడు. మ్యాపులకి కాళ్ళు, క్యాలెండరుకి కాళ్ళు, బడి కట్టించిన పెద్దమనిషి ఫొటోకి నాలుగు కాళ్ళు. స్టాఫ్ రూములో గడియారం దర్జాగా కుర్చీలో కూర్చునేది, టీచర్లు నిలబడేవారు. ఈ స్టాండ్లని తప్పించుకుంటూ పక్కవాటుగా నడిచి నడిచి ఆ బడి పిల్లలు వీధిలో కూడా పీతల్లాగే నడిచేవారని చెప్పుకునేవారు.

కొత్తగా వచ్చిన హెడ్‌మేడం మొదటి రోజే ఆయన్ని పిలిపించింది.

“మేస్త్రిగారూ, నా గదిలో టైంటేబులు తగిలించాలి. చిన్న మేకు చాలు.”

“చిన్నదైనా మేకే కదమ్మా. సాయంత్రానికి స్టాండు చేసిస్తాను.”

“ఇప్పటికే తొమ్మిదున్నాయండీ. నా కుర్చీ దగ్గరికి వెళ్ళాలంటే దారి అడగాల్సొస్తోంది.”

“పదోది మడతపెట్టేది చేస్తాలెండి.”

“అసలు ఆ గోడకేమైంది?”

“నీరసంగా ఉందమ్మా,” అని నెమ్మదిగా వెళ్ళిపోయాడు.

ఒక్కొక్కరికి ఒక్కొక్క కారణం. లెక్కల టీచరుతో గోడలో తేనెటీగలున్నాయన్నాడు. డ్రిల్లు మాస్టారితో సుత్తి కనబడ్డం లేదన్నాడు, ఆ సుత్తితోనే వీపు గోక్కుంటూ.

సైన్సు మాస్టారు పట్టుదల మనిషి. ఒక ఆదివారం చప్పుడు కాకుండా వచ్చి తన క్లాసు గోడకి మేకు ఆనించి ఒక దెబ్బ వేశాడు. రెండో దెబ్బకి చెయ్యెత్తేసరికి, రెండు వీధుల అవతల ఉండే వడ్రంగి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒక బుగ్గ నున్నగా ఉంది, రెండో బుగ్గ నిండా సబ్బు నురగ.

“బయటికి రండి మాస్టారూ. మేకు అలాగే వదిలేయండి.”

“ఏంటయ్యా ఈ గోల, గోడకి ప్రాణముందా ఏంటి?”

“మీకుందిగా. రండి.”

పనిముట్ల పెట్టెలోంచి పెద్ద మాస్కు తీసి నురగ మీదే బిగించుకున్నాడు. గోడ తడిపి మేకు లాగాడు, రాలిన పొడిని తడిగుడ్డతో తుడిచాడు, ఆ గుడ్డని ప్లాస్టిక్ సంచిలో కట్టేశాడు, చిల్లు పూడ్చి రంగు వేశాడు. గదిలో రెండు రోజులు ఎవరినీ చీపురు పట్టనివ్వలేదు. సోమవారం సైన్సు మాస్టారు “మేస్త్రి గోడకి కట్టు కట్టాడండీ” అని చెబితే స్టాఫ్ రూమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది హెడ్‌మేడమే.

మూడు నెలలకి ఆ నవ్వు ఆగిపోయింది. పాత బడులన్నిటిలో ఆస్బెస్టాస్ ఉందేమో చూడాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అలాంటి బడుల్లో గదుల మధ్య గోడల పలకలు, పైకప్పు పలకలు చూడ్డానికి సిమెంటులాగే ఉంటాయి గానీ లోపలున్నది ఆస్బెస్టాస్ పీచు. కదపకపోతే అక్కడే పడి ఉంటుంది. చిల్లు పెట్టినా, విరిచినా కంటికి కనబడని ధూళిగా లేచి ఊపిరితిత్తుల్లో దిగుతుంది, మళ్ళీ బయటికి రాదు. పక్క పేట బడి గోడలు జల్లెడలా ఉన్నాయని దాన్ని మూసేసి, పిల్లల్ని ఆరు బడులకి పంచేశారు.

హెడ్‌మేడంకి అన్నం సయించలేదు. తన మూడు వందల నలభై మంది ఇన్నాళ్ళూ ఏం పీల్చారో, రేపు ఎక్కడెక్కడ చెల్లాచెదురవుతారో అని ఒకటే బెంగ.

పరీక్షకి వచ్చిన ఇంజనీరమ్మ రెండు రోజులు టార్చి పట్టుకుని ప్రతి గోడా వెతికింది. గాలి నమూనాలు తీసుకెళ్ళి, వారం తర్వాత మళ్ళీ వచ్చింది.

“మేడం, ఈ బడిలో నిజంగా పిల్లలు చదువుతున్నారా?”

“అదేం ప్రశ్నండీ?”

“వేరేచోట గదికి నలభై చిల్లులుంటాయి. ఇక్కడ మొత్తం మీద ఒక్కటి దొరికింది, అదీ పద్ధతిగా పూడ్చి ఉంది. గాలిలో పీచు లేదు. సెలవుల్లో పలకలు తీసేస్తాం, బడి తెరిచే రోజుకి మీ పిల్లలు మీ దగ్గరే ఉంటారు. ఎవరండీ ఈ గోడల్ని కాపాడింది?”

హెడ్‌మేడం అట్నుంచటే వడ్రంగి ఇంటికి నడిచింది. తలుపు తీసింది ఆయన భార్య.

“మీరు రావడం చూసి పెరటిదారిన వెళ్ళిపోయారమ్మా. ఏం తప్పు చేశారు?”

సంగతంతా విని, ఆవిడ ఊపిరి పీల్చుకుంది.

“మా బావగారు, ఈయన అన్నయ్య, ఆ పలకలు కోసే పని చేసేవారు. ఈయన బడిలో చేరేనాటికే దగ్గుతుండేవారు, యాభై నిండకుండానే ఆయాసంతో పోయారు. ఈయన పై ఆఫీసుకి మూడు అర్జీలు పెట్టారు, ఒక్కదానికీ జవాబు లేదు. పాత హెడ్‌మాస్టరుగారు పిచ్చి అన్నారు. సరే, అందరూ నన్ను పిచ్చివాడనుకుంటే ఇంకా సులువు, ఎవరూ ఎదురు చెప్పరు అన్నారమ్మా ఈయన.”

సెలవుల్లో తెల్ల దుస్తులవాళ్ళు వచ్చి పలకల్ని తడిపి, విరగకుండా దింపి, రెండేసి సంచుల్లో మూటకట్టి తీసుకెళ్ళారు.

బడి తెరిచిన రోజు హెడ్‌మేడం తల ఎత్తుకుని, కథంతా మైకులో చెప్పింది. ముప్ఫై ఆరేళ్ళుగా ఈ బడి పిల్లలు పీల్చిన మంచి గాలి ఈయన చేతి చలవేనని, ఇలాంటి మనిషితో కలిసి పనిచేయడం తన గొప్పని చెప్పి ఆయన్ని వేదిక మీదికి పిలిచింది. చప్పట్లు ఆగలేదు. వడ్రంగి మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

“మేడంగారు చెప్పిందంతా అబద్ధం,” అన్నాడు. “నాకు గోడకి మేకు తిన్నగా కొట్టడం రాదు. అంతే.”