తట్టి చూడని రాయి

“నాయనా, పైన తిరిగే ఆ రాయి ఆడదా, మగదా?”

“తట్టి ఇనకుండా ఎట్ల చెప్తానే, పిచ్చిదానా!”

మా నాయనకూ నాకూ మధ్య అవే కడపటి మాటలు. ఆయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు. సుత్తితో రాయిని తట్టేవాడు. గంటలా మోగితే మగరాయి, కంచు తాళంలా సన్నగా మోగితే ఆడరాయి. అది తేలాకే ఉలి పట్టేవాడు. అంగారకుడి అవతల ఒక చిన్న రాయి సూర్యుడి చుట్టూ తిరుగుతోందని, నంద్యాలలో చదివే మా అన్న చెప్పాడు. అందుకే అలా అడిగాను.

మరునాడు దగ్గు ముదిరి నాయనను నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడే పోయాడు. పూడ్చేటప్పుడు సుత్తిని ఆయన పక్కనే పెట్టారు. ఆ సంగతి నాకు తెలియదు. గూట్లో సుత్తి లేకపోయేసరికి ఆ రాయిని తట్టడానికే పోయాడనుకుని, ఏడవకుండా మిద్దెక్కి కూర్చున్నాను.

“ఆడ ఏం చేస్తాండావే?” అంది అమ్మ.

“ఇంటాండా.”

రాతిదుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో పేరుకుందని పెద్దయ్యాక తెలిసింది.

నిన్న నా మనవరాలు పైన తిరిగే అలాంటి రాళ్ల పాఠమే చదివి వినిపించింది. అందులో రంగుంది, కొలతలున్నాయి. మోత సంగతి లేదు. అందుకే ఇదంతా చెప్పి దానితోనే రాయిస్తున్నాను.

రాసినావా, తల్లీ? ఏదీ, మొదట్నుంచి చదువు. ఇంటా.