పిన్నమ్మ వద్దన్న మాత్రలు

మా పిన్నమ్మ పోయింది. తొండియార్‌పేట ఇంట్లో, స్నానాల గదిలో ఫిట్స్ వచ్చి పడిపోయిందట. తలుపు పగలగొట్టేసరికే ప్రాణం లేదు. ఫోను చేసిన పొరుగావిడ ఏడవలేదు. గంగమ్మ తల్లి ఆమెను తనలో కలిపేసుకుందని, పెళ్లి కబురు చెప్పినట్టు చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది.

మా అమ్మ బట్టల కంపెనీలో కుట్టుపనికి పోతే నన్ను సాకింది పిల్లల్లేని ఈ పిన్నమ్మే. వాకిట్లో పొయ్యి పెట్టి ఇడ్లీలు అమ్మేది. బడి పిల్లలు చట్నీ ఇంకా కావాలంటే కసిరేది, కసురుతూనే పోసేది. నేను పరీక్ష తప్పి మూల కూర్చుంటే కంచం ముందు పెట్టి, "తిను పాపా, ఏడ్చేదానికైనా బలముండాల" అంది. ఈరోజుకీ ఏడుపొస్తే నాకు ఆకలేస్తుంది. మీరు నవ్వినా సరే, నిజం.

చిన్నాయన, అంటే ఆమె మొగుడు, హార్బరులో మూటలు మోసేవాడు. తెలివైనవాడు, మొహం జోలికి పోయేవాడు కాదు. జుట్టు పట్టుకుని తలను గోడకేసి కొట్టేవాడు. పొద్దున్నే పిన్నమ్మ ఆ దెబ్బల మీదే కొప్పు చుట్టుకుని ఇడ్లీలు పోసేది. వీధికి ఏమీ కనబడేది కాదు. కనబడినా వీధికి వేరే పనులుండేవి.

పోనుపోను ఆమె మారిపోయింది. పిండిలో ఒకరోజు రెండుసార్లు ఉప్పు వేసేది, ఒకరోజు అసలు వేసేదే కాదు. ఎండ చూస్తే తల పగిలిపోతోందని తడిగుడ్డ కట్టుకునేది. నా పేరు కూడా మరిచిపోయి తడుముకునేది. పిచ్చి నటిస్తోందని చిన్నాయన దానికీ కొట్టేవాడు.

ఒక ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, గంగమ్మ గుడి ముందు అంబలి పోస్తున్నారు, డప్పులు మోగుతున్నాయి. వరసలో నిలబడ్డ పిన్నమ్మ ఉన్నట్టుండి కట్టెలా బిగుసుకుపోయి, కళ్లు తేలేసి, నేల మీద పడి కొట్టుకుంది. ఎవరో అమ్మ వచ్చింది, గంగమ్మ పూనింది అన్నారు. అంతే, వేపమండలు, పసుపునీళ్లు, కర్పూరం! చిన్నాయన, అంత మనిషి, ఆమె కాళ్ల మీద పడ్డాడు. ఆ తర్వాత ఆమె మీద చెయ్యెత్తలేదు. అమ్మవారిని కొడితే చేతులు పడిపోతాయని భయం. మంగళవారాలు జనం ఆమెను వాక్కు అడగడానికి వచ్చేవారు.

నేను పోట్లాడి ఆసుపత్రికి తీసుకుపోయాను. స్కాను చూసిన డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది. తలకు పదే పదే తగిలిన దెబ్బలు మెదడును పాడుచేశాయి, మరుపూ తలనొప్పీ ఫిట్సూ వాటివల్లే. మాత్రలు వేసుకుంటే ఫిట్స్ అదుపులో ఉంటాయి, లేకపోతే ప్రాణానికే ముప్పు. పిన్నమ్మ బుద్ధిగా తలూపింది. బస్‌స్టాపుకు వచ్చాక మందుల సంచి నా చేతిలో పెట్టేసింది.

"నాకొద్దు పాపా. ఇయ్యి ఏసుకుంటే అమ్మ రాదు. అమ్మ రాకుంటే ఆయన మళ్లీ తల పట్టుకుంటాడు."

"అది అమ్మ కాదు పిన్నమ్మా, జబ్బు."

"నాకు తెలీదా? ఆయనకు మాత్రం చెప్పబాక."

పెరంబూరులో నాకున్నది ఒక్క గదే అయినా వచ్చేయమన్నాను. ఆడికీ వస్తాడు, నిన్నూ కొడతాడంది. పోలీసుల మాటెత్తితే నవ్వింది. వాళ్లలో ఒకాయన వాక్కు కోసం తన దగ్గరికే వస్తున్నాడట. ఆ తర్వాత ఎన్నిసార్లు మందులు తీసుకుపోయినా ముట్టలేదు. గోడ కంటే ఫిట్సే నయమని తేల్చుకుంది, మహాతల్లి.

నేను వెళ్లేసరికి శవానికి పట్టుచీర కట్టి, మొహం నిండా పసుపు పూసి కూర్చోబెట్టారు. పక్కనే చిన్నాయన, వచ్చినవాళ్ల నొసట కుంకుమ పెడుతున్నాడు. ఇక దాచేదేముంది? ఈమెకు ఏ అమ్మా రాలేదు, ఈయన కొట్టిన దెబ్బలకు మెదడు చెడి ఫిట్స్ వచ్చాయి, వాటితోనే పోయింది అని అందరి ముందూ చెప్పేశాను. ఒక ముసలామె అపచారమంటూ లెంపలేసుకుంది. చిన్నాయన నా వైపు చూడనైనా లేదు, తర్వాతి మనిషిని రమ్మన్నాడు.

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే పక్కింటి కొత్త కోడలు నా వెనకే వచ్చింది. ఆ ఇంట్లో నా మాట నమ్మింది ఆ పిల్ల ఒక్కతే. గొంతు తగ్గించి అడిగింది.

"ఎన్ని దెబ్బలు తింటే వస్తాదక్కా, అమ్మ?"

ఎడమ చెవి మీదికి జుట్టు లాక్కుని, దాని మీద చెయ్యి తీయకుండా, జవాబు కోసం నా మొహంలోకే చూస్తూ నిలబడింది.