ఆయన ఒక్కడి పేరుమీది పింఛను

మా ఆయనకు బత్తలపల్లెలో మోటారు వైండింగ్ షాపు ఉండేది. బోర్లలో నీళ్లు అడుగంటి మోటారు కాలిపోతే రైతులు దాన్ని పైకి లాగి, ట్రాక్టర్లో వేసుకొని మా షాపుకు తెచ్చేవాళ్లు. ఆయన కాలిన రాగితీగ పీకేసి, కొత్తది చుట్టి, వార్నిష్ పట్టించి ఇచ్చేవాడు. వానలు బాగా పడిన ఏడు షాపు బోసిపోయేది. పడని ఏడు చేతినిండా పని. ఊరంతా కరువని మొత్తుకుంటుంటే మా ఇంట్లో రాబడి పెరగడం నాకు మొదట్లో సిగ్గుగా ఉండేది. తర్వాత అలవాటైపోయింది.

నేను ఆ ఊళ్లోనే ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. జీతం కొంచెమే, కానీ వాన పడినా పడకపోయినా నెల తిరిగేసరికి చేతికొచ్చేది. మా ఇద్దరి పనుల్లోనూ పింఛను అనే మాటే లేదు. ఒళ్లు సహకరించినన్నాళ్లు చేయాలి, తర్వాత ఊరుకోవాలి.

మా ఆయన అన్న మాత్రం సర్కారు ఉద్యోగి. అనంతపురంలో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరయ్యాడు. ఆ ఇంటికి పోయి వచ్చిన ప్రతిసారీ మా ఆయన ముఖం మాడ్చుకొని ఉండేవాడు.

"మా యన్న ఫ్యాను కింద కూచోని సంతకాలు పెట్టినందుకు సచ్చేదాకా జీతమంట. నేను ఎండలో మోటార్లు మోసినందుకు నడుం నొప్పి," అనేవాడు. ఒకసారి బస్సులో తిరిగొస్తూ, "మన పింఛను మనమే కట్టుకుందాంలే. ఎవరూ ఇయ్యకుంటే యేం?" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. నిజం చెప్పాలంటే, పెళ్లయ్యాక ఆయన 'మనం' అన్న మాట వాడి ఏదైనా మొదలుపెట్టడం అదే మొదటిసారి.

మా వీధి మొదట్లో సరుకుల అంగడి పెట్టుకొని, దాంతోపాటు ఇన్సూరెన్స్ పాలసీలు కట్టించే పెద్దాయన ఒకడుండేవాడు. మేము అన్నా అని పిలిచేవాళ్లం. ఆయన మోసగాడు కాదు. మోసగాడే అయ్యుంటే నాకు తర్వాత కాస్త సులువుగా ఉండేది.

ఆయన మా ఇంటికొచ్చి చాపమీద కూర్చొని రెండు పాలసీలు రాశాడు. రెండూ మా ఆయన పేరుమీదే.

"ఒకటి నా పేరుమీద రాయండన్నా. నేనూ సంపాదిస్తాండా కదా," అన్నాను.

"ఇల్లు నడిపే మనిషి మీద ఉండాల టీచరమ్మా. రేపు ఆయనకేమన్నా అయితే మొత్తం నీకే గదా వచ్చేది. నామినీ నువ్వే," అన్నాడు అన్న. మా ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత మా కాపురం ప్రీమియంల చుట్టూ తిరిగింది. కరువు ఏళ్లలో షాపు రాబడి నుంచి కట్టేవాళ్లం. వానలు పడిన ఏళ్లలో, కాలిన మోటారే రాని ఏళ్లలో, నా జీతం నుంచి కట్టాం. చెరువు నిండిందని జనం గంగమ్మకు పూజలు చేస్తుంటే నేను ఇంట్లో కూర్చొని ఈసారి ఏ ఖర్చు తగ్గించాలా అని లెక్కలేసేదాన్ని. మా అమ్మాయిని ధర్మవరం కాలేజీలో చేర్పించినప్పుడు కూడా ప్రీమియం ఆపలేదు. నేను పండగలకు నూలు చీరలే కట్టాను. ధర్మవరం పక్కనే ఉండి పట్టుచీర లేని టీచరు నేనే అని బడిలో ఎగతాళి చేసేవాళ్లు. పోనీలే, ముసలితనంలో ఎవరి ముందూ చేయి చాపకుండా ఉంటాం కదా అనుకునేదాన్ని.

ఆయనకు అరవై వచ్చేసరికి పాలసీలు ముగిశాయి. బోనసులు కలిపి చేతికొచ్చిన మొత్తం మేమిద్దరం ఎప్పుడూ కళ్లజూడనంత. అంతకు ముందు ఏడాదే ఆయన అన్న చనిపోయాడు. వదినకు, అంటే నా తోటికోడలికి, సర్కారు నుంచి కుటుంబ పింఛను మొదలైంది. మొగుడికి వచ్చినంత రాకపోయినా, ఆమె బతుకు వెళ్లదీయడానికి సరిపోయేది. దానికోసం ఆమె ఎవరినీ ప్రాధేయపడలేదు, ఎవరితోనూ వాదించలేదు. రూలు ఉంది, వచ్చింది.

ఇన్సూరెన్స్ అన్న మళ్లీ మా ఇంటికొచ్చాడు. ఈసారి కుర్చీలో కూర్చున్నాడు, మోకాళ్లు అరిగిపోయాయి.

"ఈ దుడ్లన్నీ ఒకేసారి కంపెనీకి ఇచ్చేస్తే, నెలనెలా పింఛను మాదిరి ఇస్తారప్పా. యాన్యుటీ అంటారు. దీంట్లో రకాలుండాయి. ఒకటి, నువ్వు బతికినన్నాళ్లు నీకు వస్తాది. నువ్వు పోతే ఆడికి సరి, ఎవరికీ ఏమీ రాదు. దీంట్లో నెలకు శానా ఎక్కువ. ఇంకోటి, నువ్వు పోయినంక టీచరమ్మ ఉన్నన్నాళ్లు ఆమెకు వస్తాది. రొంత తక్కువ పడతాది. మీరిద్దరూ పోయినంక కట్టిన దుడ్లు మీ బిడ్డకు వాపసు వచ్చేది కూడా ఉండాది. అది ఇంకా తక్కువ."

"ఎంత తక్కువ?" అన్నాడు మా ఆయన.

అన్న ఫోనులో లెక్కచూసి చెప్పాడు. మొదటిదానికీ రెండోదానికీ తేడా ఒక గ్యాసు సిలిండరు, దానిమీద నెల పాలఖర్చులో సగం. అంతే.

"రెండోది రాయండన్నా," అన్నాను.

మా ఆయన నా వైపు తిరిగాడు. "ఎందుకు?"

"నువ్వు పోయినంక నేనేం తినాల?"

"అప్పుడే నన్ను సాగనంపుతాండావే! మా నాయన తొంభై దాటినాడు. మా తాత ఇంకా పెద్దోడై పోయినాడు. మా ఇంట్లో తొందరగా పోయినోడు యాడుండాడు?"

"మీ అన్న పోయినాడు కదా."

ఆయన ముఖం ఎర్రబడింది. "మా యన్న తాగినాడు, పోయినాడు. నాకే అలవాటుండాది?"

"మీ వదినకు అడగకుండానే ఇస్తాండారు. నేను అడిగినా ఇయ్యవా?"

"అది సర్కారు సొమ్ము. పంచుతారు. ఇది నా కష్టం."

నా కష్టం. వానలు పడిన ఏళ్లు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. "నాది కూడా," అన్నాను.

"నీది కాదని ఎవరన్నారు? నెలనెలా తెచ్చి నీ చేతికే ఇస్తా గదా!"

అన్న గొంతు సవరించుకున్నాడు. "తమ్ముడూ, టీచరమ్మ చెప్పేది రొంత ఆలోచించు."

"నువ్వు రాయన్నా," అన్నాడు మా ఆయన.

ఆయన పట్టుదల ఎందుకో నాకు తెలుసు. మొదటి రకంలో వచ్చే మొత్తం, ఆయన అన్నకు రిటైరైన కొత్తలో వచ్చిన పింఛనుకు దాదాపు సమానం. రెండో రకంలో దానికి కొంచెం కిందికి దిగుతుంది. ఆ కొంచెం ఆయన దిగలేకపోయాడు.

కాగితాలు వచ్చాక కూడా కొన్నాళ్ల గడువు ఉంటుంది, వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చు. ఆ గడువులో మళ్లీ అడిగాను. "నా సావు కోసం కాచుకోనుండావా?" అన్నాడు. ఆ తర్వాత కొన్ని రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం కంచం ముందు పెడితే తిని లేచిపోయేవాడు. గడువు దాటిపోయింది.

మొదటి నెల పింఛను పడిన రోజు ఆయన అనంతపురం పోయి బొబ్బట్లు కొనుక్కొచ్చాడు. దారిలో వదిన ఇంటికి కూడా పోయి, ఎంత పడిందో చెప్పి వచ్చాడు. అన్న లేని ఇంట్లో, అన్న ఫోటో ముందు కూర్చొని చెప్పి ఉంటాడు. మాట తప్పాడని మాత్రం అనలేను. ప్రతి నెలా బ్యాంకు నుంచి తెచ్చి నా చేతిలోనే పెట్టాడు. "చూస్తివా?" అనేవాడు.

అలా ఏడాది దాటి కొన్ని నెలలు గడిచాయి. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, పక్క పల్లె నుంచి ఒక రైతు చీనీతోటలో కాలిన మోటారు తెచ్చాడు. బత్తాయి చెట్లు ఎండిపోతున్నాయని తొందరపెట్టాడు. మా ఆయన దాన్ని ఒంటరిగా బల్లమీదికి ఎత్తబోయి, ఛాతీ పట్టుకొని కింద కూర్చున్నాడట. ఆ రైతే ఆటోలో వేసుకొని అనంతపురం బయల్దేరాడు. ఆసుపత్రి చేరేలోపే పోయాడు. బడిలో పాఠం చెబుతున్న నాకు కబురొచ్చింది.

నేను ఏడ్చాను. అందరిలాగే ఏడ్చాను. ఆ ఏడుపులో కోపం ఎంత కలిసిందో పక్కనున్నవాళ్లకు తెలియదు.

దినాలయ్యాక ఇన్సూరెన్స్ అన్న వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"ఏం రాదా అన్నా?" అన్నాను.

"ఏం రాదు టీచరమ్మా. ఆ పొద్దే చెప్తి గదా. నువ్వూ ఉంటివి." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన మీద అరవాలని ఎంత ఉన్నా, అరవడానికి నా దగ్గర మాట లేదు. ఆయన చెప్పాడు. నేనూ చెప్పాను. వినాల్సిన మనిషి ఇద్దరినీ వినలేదు.

అయినా అనంతపురంలోని ఇన్సూరెన్స్ ఆఫీసుకు పోయాను. బల్ల వెనకున్న అమ్మాయి నెమ్మదస్తురాలు. కంప్యూటర్లో చూసి, "సారు ఎంచుకున్న దాంట్లో తర్వాతోళ్లకు ఏమీ ఉండదు మేడమ్," అంది. అంతటితో అయిపోలేదు. మా ఆయన పోయిన తర్వాత ఒక నెల పింఛను ఖాతాలో పడింది, దాన్ని తిరిగి కట్టాలంది.

"అన్నేళ్లు కట్టిన దుడ్లు యాడికి పోయినట్లమ్మా?" అని అడిగాను.

ఆ అమ్మాయి కుర్చీ నా వైపు జరుపుకొంది. "తొందరగా పోయినోళ్లవి, శానా కాలం బతికేటోళ్లకు పోతాయి మేడమ్. అందుకే నెలకు అంత ఎక్కువ ఇస్తారు."

బయటికొచ్చి బస్టాండులో కూర్చొని ఆ మాటే నెమరేశాను. పాలసీ నడుస్తున్న ఏళ్లలో ఆయన ఏ రోజు పోయినా నామినీగా నాకు పెద్ద మొత్తం వచ్చేది. బతికి, అరవై దాటి, దాన్ని పింఛనుగా మార్చుకొని పోయినందువల్ల ఏమీ రాలేదు. నేను కట్టని పట్టుచీరలు, తగ్గించుకున్న నూనె, పప్పు, అన్నీ ఎక్కడో నాకు తెలియని ఒక ముసలాయన తొంభై ఐదేళ్ల దాకా కాఫీ తాగడానికి పోతాయి. ఆయన మంచివాడే అయ్యుండొచ్చు. నాకు ఆయన మీద అసహ్యం వేసింది.

నా తోటికోడలు పరామర్శకు వచ్చినప్పుడు, "నీకు ఎంత వస్తాదిమ్మే?" అని మామూలుగా అడిగింది. ఏమీ రాదంటే నమ్మలేదు. "మొగుని పింఛను పెండ్లానికి రాకుండా ఎట్ల పోతాది?" అంది. ఆమె ప్రపంచంలో అలా జరగదు. వివరించే ఓపిక నాకు లేకపోయింది.

బడివాళ్లు నన్ను ఇంకో రెండేళ్లకు మించి ఉంచుకోరని తెలుసు. షాపు అమ్మేశాను. తీగ చుట్టే యంత్రాలు, మిగిలిన రాగి, రోడ్డు పక్కనున్న ఆ చిన్న గది, అన్నీ కలిపి ధర్మవరం నుంచి వచ్చిన ఒకాయన కొన్నాడు. ఆ డబ్బుతో నా పేరుమీద యాన్యుటీ కొంటానని అన్నను పిలిపించాను. మా అమ్మాయి కూడా వచ్చింది. ధర్మవరంలోనే ఉంటుంది, వాళ్లది పట్టుచీరల వ్యాపారం.

"ఎక్కువొచ్చేది రాయండన్నా. నా ఒక్కదానికి," అన్నాను.

అన్న పెన్ను కింద పెట్టేశాడు. "మళ్లీ అదేనా టీచరమ్మా?"

"అమ్మా, నీకేమన్నా పిచ్చా?" అంది అమ్మాయి. "నాయన చేసిన పనికి ఇన్ని దినాలు ఏడిస్తివి. ఇప్పుడు నువ్వూ అదే చేస్తాండావా? వాపసు వచ్చేది తీసుకో. నెలకు రొంత తగ్గుతే నేను చూసుకోనా?"

"మీ నాయన వెనకాల నేనుంటి. నా వెనకాల ఎవరుండారు, నా మీద ఆధారపడి?"

"నేను లేనా?"

"నీకు మొగుడుండాడు, వ్యాపారం ఉండాది. నాకు గడవాల్సిన నెల ఉండాది."

అమ్మాయి లోపలికి పోయి చీర కొంగుతో ముఖం తుడుచుకొని వచ్చింది. తన కోసం నేనేమీ మిగల్చనని కాదు ఆమె బాధ, నేను ఆ మాటను అంత పొడిగా అన్నందుకు. నేను మెత్తగా చెప్పగలిగేదాన్నే. ఆరోజు చేతకాలేదు. మెత్తగా అడిగితే ఏమవుతుందో నేను చూశాను. అన్న రాశాడు, నేను సంతకం పెట్టాను.

నాకొచ్చేది మా ఆయనకు వచ్చినదాంట్లో మూడోవంతు కూడా ఉండదు. బియ్యానికి, కరెంటుకు, మాత్రలకు సరిపోతుంది. ఏటేటా ధరలు పెరుగుతాయి, ఇది పెరగదు. పై ఖర్చులకు సాయంత్రం ట్యూషన్లు చెబుతాను. అమ్మాయి ఫోను చేస్తుంది, ఇదివరకంత తరచుగా కాదు. వచ్చినా పింఛను మాట ఎత్తదు. నేనూ ఎత్తను.

ఏడాదికొకసారి నేను బతికే ఉన్నానని ఆ ఆఫీసుకు రుజువు చూపించాలి. ఈసారి పోయినప్పుడు అదే అమ్మాయి ఉంది. సుద్దముక్కలు పట్టి పట్టి నా వేలిముద్ర అరిగిపోయింది, యంత్రం ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి ఫోను నా ముఖానికి ఎదురుగా పైకెత్తి, "కండ్లు బాగా తెరవండి మేడమ్, ఒకసారి ఆర్పండి," అంది.

తెరిచాను, ఆర్పాను. తెరమీద పచ్చగుర్తు పడింది.

"అయిపాయె మేడమ్. మళ్లా ఏడాదికి రండి," అంది.

"వస్తా. శానా ఏండ్లు వస్తా," అన్నాను. ఆ అమ్మాయి నేను సరదాకు అన్నాననుకొని నవ్వింది.